విజయదాసు

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ ఉన్న నేలకు రాయచూరు అంతర్వేది అని పేరు. ఈ నేల కోసం రాజులు ఎన్నో యుద్ధాలు చేశారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బిజాపురు సుల్తానును ఓడించి రాయచూరు కోటను పట్టుకున్నాడు. ఆ తరువాత ఆ కోట ఎన్నోసార్లు చేతులు మారింది. ఆ రాజులూ, ఆ సేనలూ ఇప్పుడు చరిత్ర పుస్తకాలలోనే కనిపిస్తారు. అయితే ఇదే నేలమీద పుట్టి, సిరిసంపదలు లేకుండా, చేత తంబురా పట్టుకొని ఊరూరా తిరిగిన ఒక దాసుని పాటలు మాత్రం ఈనాటికీ జనం నోళ్లలో బతికే ఉన్నాయి. ఆ దాసుడే విజయదాసు.

కన్నడ దేశంలో హరిదాసులకు ప్రత్యేకమైన స్థానం ఉంది. దాసుల వేషం చాలా సాదాగా ఉండేది. భుజాన తంబురా, చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, బియ్యం గింజలు వేయించుకోవడానికి ఒక పాత్ర. తెల్లవారగానే వీధి వెంట పాడుతూ నడిచేవారు. ఇంటి ఇల్లాలు పెట్టిన గుప్పెడు గింజలతో ఆ పూట గడిపేవారు. తుమ్మెద ఒక్కొక్క పువ్వునుంచి కొద్దికొద్దిగా తేనె తీసుకున్నట్లు, ఏ ఇంటికీ భారం కాకుండా బతికే ఈ పద్ధతిని మధుకర వృత్తి అంటారు. రేపటి కోసం దాచుకోకపోవడం ఆ వృత్తి నియమం. దాచుకునేది ఏమీ లేదు కాబట్టి దాసులు ఎవరికీ భయపడవలసిన పని లేకపోయింది. ధనవంతుని వాకిట్లో నిలబడి ధనగర్వం తగదని పాడగలిగారు.

తంబురాకు నాలుగు తీగలు ఉంటాయి. ఆ తీగలు రాగాలను పలకవు. పాడేవాని గొంతు దారి తప్పకుండా శ్రుతిని అందిస్తూ ఉంటాయి. దాసులు తమ పాటలతో సమాజానికి చేసిన పని కూడా అటువంటిదే. మనుషులు శ్రుతి తప్పినప్పుడల్లా వారు దానిని గుర్తుచేశారు.

ఈ సంప్రదాయానికి శ్రీపాదరాయలు, వ్యాసరాయలు దారి వేశారు. పురందరదాసు, కనకదాసు దానిని జనంలోకి తీసుకుపోయారు. సంగీతం నేర్చుకునే పిల్లలు నేటికీ మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలతోనే మొదలుపెడతారు. ఆ పాఠక్రమాన్ని ఏర్పరచినవాడు పురందరదాసే అని సంగీతజ్ఞులు చెబుతారు. ఆయన 1564లో కన్నుమూశాడు. మరుసటి ఏడే, 1565లో, తళ్లికోట యుద్ధం జరిగి విజయనగరం కూలిపోయింది. దాసులను ఆదరించిన నగరం పాడుపడింది. ఆ తరువాత సుమారు నూరేళ్లపాటు దాసుల పాట సన్నగిల్లింది. దానిని మళ్లీ వీధిలోకి తెచ్చినవాడు విజయదాసు.

విజయదాసు 1682లో రాయచూరు జిల్లా మాన్వి తాలూకాలోని చీకలపరవి గ్రామంలో జన్మించాడు. ఈ ఊరు తుంగభద్ర ఒడ్డున ఉంది. తండ్రి శ్రీనివాసప్ప, తల్లి కూసమ్మ. తల్లిదండ్రులు ఆయనకు పెట్టిన పేరు దాసప్ప. అది కల్లోల కాలం. దాసప్పకు నాలుగేళ్లు నిండేసరికి, 1686లో, ఔరంగజేబు సేనలు బిజాపురును గెలుచుకున్నాయి. మరుసటి ఏడు గోలకొండ పడిపోయింది. పెద్ద రాజ్యాలు కూలినప్పుడు పల్లెల్లో పన్నులు వసూలు చేసేవారు మారుతారు గాని పన్నులు తగ్గవు. సేనలు నడిచిన దారిలో పంట నిలవదు. అటువంటి రోజుల్లో దాసప్ప కుటుంబం కటిక పేదరికాన్ని అనుభవించింది.

ఇంట్లో తినడానికి లేక, బంధువుల ఇళ్లలో ఆదరణ లేక దాసప్ప చిన్న వయసులోనే ఊరు విడిచాడు. చిరిగిన బట్టతో వచ్చిన బంధువును లోకం ఎలా చూస్తుందో ఆయనకు చిన్ననాడే అనుభవమైంది. దేశం తిరుగుతూ కాశీ చేరాడు. కొంతకాలం తరువాత తిరిగి వచ్చి అరళమ్మను వివాహమాడాడు. సంసారం ఏర్పడింది గాని పేదరికం పోలేదు. అరళమ్మ ఓర్పు గల ఇల్లాలు. భర్త నడిచిన కష్టమైన దారిలో ఆమె చివరివరకు తోడుగా ఉన్నది.

దాసప్ప మరల కాశీకి ప్రయాణమయ్యాడు. అక్కడ ఒక రాత్రి ఆయనకు కలలో పురందరదాసు కనిపించి, మంత్రోపదేశం చేసి, విజయవిఠల అనే అంకితాన్ని ప్రసాదించినట్లు సంప్రదాయం చెబుతుంది. అంకితమంటే పాట చివర వచ్చే ముద్ర. దానిని బట్టి ఆ పాట ఎవరిదో తెలుస్తుంది. తెలుగువారి అన్నమయ్య పదాల చివర వేంకటేశ్వరుని పేరు వచ్చినట్లే, దాసప్ప పాటల చివర విజయవిఠల అనే పేరు వస్తుంది. ఆనాటి నుండి దాసప్ప విజయదాసు అయ్యాడు. తనకంటే నూరేళ్లకు పైగా ముందు జీవించిన పురందరదాసునే ఆయన గురువుగా భావించాడు.

ఆ తరువాత విజయదాసు జీవితమంతా నడకే. ఉడుపి, తిరుపతి, శ్రీరంగం, పండరిపురం, కాశీ మొదలైన క్షేత్రాలు తిరిగాడు. చూసిన ప్రతి క్షేత్రాన్నీ పాటగా మలిచాడు. ఆయన రచనలు ఇరవై అయిదు వేలని సంప్రదాయం చెబుతుంది. వాటిలో కొంత భాగమే నేడు దొరుకుతున్నది. ఆయన రాసినవాటిలో కీర్తనలు ఉన్నాయి. తాళం కట్టుబాటు లేకుండా, మనసులోని మాటను నేరుగా చెప్పే ఉగాభోగాలు ఉన్నాయి. అన్నింటికంటే ఎక్కువ పేరు తెచ్చినవి ఆయన సుళాదులు. అందుకే ఆయనను సుళాది దాసులని కూడా పిలుస్తారు.

సుళాది అంటే తాళాల మాల వంటి రచన. ఇందులో ఒక్కొక్క భాగం ఒక్కొక్క తాళంలో నడుస్తుంది. ధ్రువ, మఠ్య, రూపక, ఝంపె, త్రిపుట, అట, ఏక అనే తాళాలు ఇందులో వస్తాయి. చివర జతె అనే చిన్న ముక్తాయింపుతో సుళాది ముగుస్తుంది. ఒక కీర్తనలో ఒక భావాన్ని చెప్పవచ్చు. ఒక పెద్ద విషయాన్ని మెట్టుమెట్టుగా విప్పి చెప్పడానికి సుళాది అనుకూలం. తాళం మారినప్పుడల్లా వినేవారి చెవి మేలుకుంటుంది. మేలుకున్న చెవికి కొత్త మాట అందుతుంది. శాస్త్రగ్రంథాలు చదవలేని పామరునికి కఠినమైన విషయాలను చెప్పడానికి విజయదాసు ఈ పద్ధతిని ఎంతో నేర్పుతో వాడుకున్నాడు.

దాసుల పాటల్లో దేవుని స్తుతి ఎంత ఉందో, మనుషుల నడవడిని గురించిన విమర్శ కూడా అంత ఉంది. నదిలో మునిగి లేచినంత మాత్రాన మనసు మైల పోదు. ఒంటినిండా నామాలు పెట్టుకొని పొరుగువాని సొమ్ముకు ఆశపడేవాని పూజ పూజ కాదు. ఇటువంటి భావాలను వారు వీధిలో అందరూ వినేటట్లు పాడారు. అయితే ఇందులో ఒక విశేషం ఉంది. దాసులు చాలా పాటల్లో తప్పులన్నీ తమ మీదనే వేసుకొని పాడతారు. ఆశపడినవాణ్ణి నేనే, గర్వించినవాణ్ణి నేనే, కాలాన్ని వ్యర్థం చేసినవాణ్ణి నేనే అన్న ధోరణిలో పాట సాగుతుంది. ఎదుటివాణ్ణి వేలెత్తి చూపితే అతడు కోపంతో తలుపు మూసుకుంటాడు. పాడేవాడు తన తప్పును తానే ఒప్పుకుంటే వినేవాడు లోలోపల తన తప్పును తలచుకుంటాడు. విజయదాసు రచనల్లో ఈ ఆత్మవిమర్శ చాలా లోతుగా కనిపిస్తుంది.

ఆ కాలంలో శైవులకూ వైష్ణవులకూ నడుమ వాదాలు సామాన్యం. విజయదాసు విష్ణుభక్తుడు. అయినా ఆయన కైలాసవాసి అయిన శివుణ్ణి స్తుతించి ఒక కీర్తన రచించాడు. తన మనసును మంచిదారిలో నిలపమని అందులో శివుణ్ణే వేడుకున్నాడు. ఆ కీర్తన నేటికీ కర్ణాటకలో ఎంతో ప్రసిద్ధం. వాదాలతో సాధ్యం కాని సామరస్యం ఒక పాటతో కొంత సాధ్యమైంది.

విజయదాసుకు ఎదురైన పెద్ద అడ్డంకి పేదరికం కాదు, పండితుల చిన్నచూపు. ఆనాడు శాస్త్రాలన్నీ సంస్కృతంలో ఉండేవి. సంస్కృతం తెలిసినవారు కొద్దిమంది. ఆ విషయాలను కన్నడంలో పాడడం, అందులోనూ కాళ్లకు గజ్జెలు కట్టి వీధిలో ఆడుతూ పాడడం, కొందరు పండితులకు నచ్చలేదు. జనం మాటలో చెబితే జ్ఞానం పలచబడుతుందని వారు భావించారు. విజయదాసు వారితో వాదానికి దిగలేదు. పాడుతూనే పోయాడు. ఈ రెండు దృక్పథాల నడుమ జరిగిన ఘర్షణను తెలిపే కథ ఒకటి మాన్విలో జరిగింది.

మాన్వి తాలూకాలోని బ్యాగవాట గ్రామంలో 1728లో శ్రీనివాసుడనే బాలుడు జన్మించాడు. అతడు మంత్రాలయంలో వరదేంద్రతీర్థుల వద్ద శాస్త్రాలు చదివి, ఆచార్యుడనే పేరు పొందాడు. మాన్విలో స్థిరపడి శిష్యులకు పాఠాలు చెబుతుండేవాడు. ఒకసారి విజయదాసు శిష్యులతో మాన్వికి వచ్చి, పూజ అనంతరం జరిగే భోజనానికి శ్రీనివాసాచార్యుణ్ణి పిలిచాడు. కన్నడంలో పాడుకుంటూ తిరిగే దాసుని పంక్తిలో కూర్చోవడం ఆచార్యునికి ఇష్టం లేకపోయింది. ఆలస్యంగా తింటే తనకు కడుపునొప్పి వస్తుందని సాకు చెప్పి పంపి, ఇంట్లోనే భోజనం చేశాడు.

సాకుగా చెప్పిన ఆ నొప్పి కొద్దిరోజుల్లో నిజంగానే వచ్చిందట. ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. అన్నం సహించక ఆచార్యుడు చిక్కి శల్యమయ్యాడు. మంత్రాలయంలో సేవ చేశాడు. విజయదాసు పట్ల చేసిన అపరాధమే దీనికి కారణమని అక్కడ అతనికి తోచింది. గర్వం విడిచి విజయదాసు వద్దకు పోయి క్షమించమని వేడుకున్నాడు. విజయదాసు అతణ్ణి నిందించలేదు. తన శిష్యుడైన గోపాలదాసు వద్దకు వెళ్లమని చెప్పి పంపాడు.

గోపాలదాసు కూడా రాయచూరు జిల్లావాడే. మొసరకల్లు ఆయన జన్మస్థలం. అసలు పేరు భాగణ్ణ. ఆయనా, ఆయన ముగ్గురు తమ్ముళ్లూ దాసులై పాటలు రచించారు. గోపాలదాసు ఉత్తనూరులో నివసించాడు. ఈ ఊరు నేడు తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. నీరసించిన ఆచార్యుడు ఆ ఊరు చేరాడు. గోపాలదాసు అతనికి జొన్నరొట్టె పెట్టి, తన ఆయుష్షులో నలభై ఏళ్లు అతనికి ధారపోశాడని కథ. అన్నం కూడా సహించని కడుపు ఆ జొన్నరొట్టెను సహించింది. వ్యాధి నయమైంది. గోపాలదాసు 1762లో, ఇంకా నడివయసులోనే కన్నుమూశాడు. శ్రీనివాసాచార్యుడు మాత్రం 1809 వరకు జీవించాడు.

ఆయుష్షును ధారపోయడం భక్తుల విశ్వాసానికి సంబంధించిన విషయం. ఆ తరువాత జరిగింది మాత్రం సాహిత్య చరిత్రకు తెలిసిన సత్యం. వీధిపాటను చిన్నచూపు చూసిన ఆ పండితుడే గజ్జె కట్టి దాసుడయ్యాడు. జగన్నాథవిఠల అనే అంకితంతో పాటలు పాడాడు. తాను సంస్కృతంలో చదివిన శాస్త్రసారమంతా కన్నడంలో, భామినీ షట్పది ఛందస్సులో, హరికథామృతసారం అనే గొప్ప గ్రంథంగా రచించాడు. కన్నడ దాస సాహిత్యంలో దానికి సాటి వచ్చే గ్రంథాలు తక్కువ. ఆయనే జగన్నాథదాసు. విజయదాసు వాదించి గెలవలేదు. తనను కాదన్నవానిని తన దారిలోకి తెచ్చుకున్నాడు.

విజయదాసు మాటల్లోనే కాక చేతల్లో కూడా దయ చూపినవాడు. దిక్కులేని ఒక తల్లి పసిబిడ్డతో సహా ప్రాణం విడవబోతుండగా ఆయన చూసి వారించాడని ఒక కథ ఉంది. లోకం ఏమంటుందో అని ఆయన జంకలేదు. ఆమెను కూతురుగా భావించి ఇంటికి తీసుకువచ్చాడు. అప్పటికే ఇల్లు గడవడం కష్టం. అయినా అరళమ్మ ఆ తల్లీబిడ్డలను కాదనలేదు. ఆ దంపతుల నీడలో పెరిగిన ఆ బిడ్డే తరువాత మోహనదాసు అనే పేరుతో ప్రసిద్ధ కీర్తనకారుడయ్యాడు.

తిరుమల రథోత్సవానికి సంబంధించిన కథ కూడా జనం చెప్పుకుంటారు. దుమ్ముకొట్టుకున్న బట్టలతో వచ్చిన విజయదాసును రథం దగ్గరకు రానీయక పక్కకు నెట్టివేశారట. ఆ తరువాత ఎంతమంది లాగినా రథం కదలలేదట. విజయదాసు వచ్చి కదలి రమ్మని దేవుణ్ణి పాటతో పిలువగానే రథం కదిలిందట. ఆ సందర్భంలో ఆయన పాడినదని చెప్పే కీర్తన నేటికీ రథోత్సవాలలో వినిపిస్తుంది. చిరిగిన బట్టను చూసి మనిషిని పక్కకు నెట్టే సమాజానికి ఈ కథ ఒక హెచ్చరిక. బాల్యంలో విజయదాసు అనుభవించిన అవమానమే ఈ కథలో మరో రూపంలో కనిపిస్తుంది.

విజయదాసు కాలంనాటి దాసులలో చాలామంది ఒకే మతశాఖకు చెందినవారు. కులభేదాలను వారు పూర్తిగా తొలగించలేకపోయారు. అంతకుముందే కనకదాసు వంటివారు అడిగిన ప్రశ్నలకు సమాజం ఇంకా జవాబు చెప్పవలసి ఉంది. అయినా విజయదాసూ ఆయన శిష్యులూ ఒక గొప్ప పని చేశారు. బడి ముఖం చూడని స్త్రీలూ, అక్షరం రానివారూ కూడా పెద్ద విషయాలను పాటగా నేర్చుకొని తమ పిల్లలకు నేర్పే వీలు కల్పించారు. కొద్దిమంది చేతిలో ఉన్న విద్యను పదిమంది నోటికి అందించారు.

విజయదాసు చివరి రోజులు చిప్పగిరిలో గడిచాయి. ఈ ఊరు నేడు ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు జిల్లాలో ఉంది. 1755లో, కార్తీక శుద్ధ దశమి నాడు, ఆయన అక్కడ కన్నుమూశాడు. ప్రతి సంవత్సరం ఆ తిథినాడు చిప్పగిరిలో ఆరాధన జరుగుతుంది. ఆయన పాటలు పాడుతూ కన్నడిగులూ తెలుగువారూ అక్కడ కలుస్తారు.

దాసుల పాటలు చాలాకాలం నోటినుండి నోటికీ, తాటాకులమీదా, చేతిరాత పుస్తకాలలోనూ నిలిచాయి. 20వ శతాబ్దంలో కొందరు ఇల్లిల్లూ తిరిగి వాటిని సేకరించారు. రాయచూరు జిల్లా లింగసుగూరుకు చెందిన గోరెబాళ హనుమంతరాయలు ఎన్నో దాసకృతులను సేకరించి పుస్తకాలుగా ప్రకటించాడు. అటువంటివారి శ్రమ లేకపోతే ఈ పాటల్లో ఎన్నో మరుగున పడిపోయేవి.

విజయదాసు పుట్టినది చీకలపరవిలో, కన్నుమూసినది చిప్పగిరిలో. ఆయన శిష్యుడు నివసించినది ఉత్తనూరులో. ఈ మూడు ఊళ్లు నేడు మూడు రాష్ట్రాలలో ఉన్నాయి. తుంగభద్రకు ఈ ఒడ్డున కన్నడం, ఆ ఒడ్డున తెలుగు అని పటంలో గీత గీయవచ్చు. ఆ గీత పాటకు అడ్డు కాలేదు. తెలుగు పల్లెల్లో కన్నడ దాసుల పాటలను తెలుగు లిపిలో రాసుకొని పాడినవారు ఉన్నారు. రెండు భాషల జనం ఒకే శ్రుతిలో పాడుకున్నారు.

సొంతభాషలో చెప్పిన మంచిమాటకు విలువ తక్కువ కాదని విజయదాసు జీవితం చాటుతుంది. ఆకలిని ఎరిగినవాడు కాబట్టి ఆయన మరొకరి ఆకలిని గుర్తించాడు. అవమానాన్ని ఎరిగినవాడు కాబట్టి తనను అవమానించినవానిని అవమానించలేదు. ఇతరుల తప్పును సరిదిద్దడానికి ముందుగా తన తప్పును ఒప్పుకున్నాడు. ఆయన చేతి తంబురా ఎన్నడో మూగబోయింది గాని, అది అందించిన శ్రుతి మాత్రం ఈ నేలమీద ఇంకా వినిపిస్తూనే ఉంది.